కిలోగ్రాము వేఱు, న్యూటను వేఱు: మోటారు కొనుటకు ముందొక లెక్క

పెద్ద అంబర్‌పేట్ ప్రాంతమున బోరుబావికి మోటారు కొనదలచిన రైతు సోదరులు ఈ భేదము నెఱుంగవలయును. కిలోగ్రాము పదార్థరాశికి కొలత; న్యూటను బలమునకు కొలత. ఒక కిలోగ్రాము రాశిని భూమి 9.81 న్యూటనుల బలముతో లాగును. పాత గ్రంథములు ఈ బలమునే "కిలోగ్రాము బలము" అనుటచే రెండును ఒకటే యను భ్రాంతి కలుగుచున్నది.

ఉదాహరణము: పంపు నడచునపుడు నీటిమట్టము 60 మీటర్ల లోతున నున్నది, సెకండునకు 2 లీటర్ల నీరు కావలయును. లీటరు నీరు ఒక కిలోగ్రాము గాన, 2ను 60చే గుణింపగా 120. వీనినే వాట్లని తలచినచో అశ్వశక్తిలో ఆఱవ వంతు చాలునని తోచును. అది తప్పు. 9.81చే గుణింపగా 1177 వాట్లగును. అశ్వశక్తికి 746 వాట్లు గాన, సుమారు 1.6 అశ్వశక్తులు. పంపులోను గొట్టములలోను సగము శక్తి నష్టమగుననుకొన్నచో 3కు మించును; పై తరగతి మోటారే తగును.

పాత పట్టికలవలె 120ని 75చే భాగించినను 1.6 వచ్చును, అచ్చట మరల 9.81చే గుణింపరాదు.

చిన్న మోటారు చాలినంత నీరెత్తదు. మిక్కిలి పెద్దది సొమ్మును, బోరు నీటిని హరించును. కావున సభ్యులు అంగడికేగుటకు ముందే కాగితముపై కొలతలతో కూడ లెక్క వ్రాసికొనుట మేలు.