పరాయివాళ్లకూ చోటిచ్చిన మట్టి

ఇంగ్లండ్ ఈశాన్య తీరాన, నల్లరాతి గుట్టపై బాంబరో కోట ఉంది. ఏడో శతాబ్దంలో అది నార్తంబ్రియా రాజుల పీఠం. గత వేసవిలో ఒక సదస్సుకు వెళ్లినప్పుడు ఆ కోటలోని పురావస్తు ప్రదర్శన చూశాను. ఆరు ఇనుప పోగులను కలిపి సాగగొట్టిన ఖడ్గం, వేలిగోరంత బంగారు రేకుపై మృగం బొమ్మ అద్దాల వెనుక మెరుస్తున్నాయి. ఆ ఖడ్గాన్ని కొట్టిన కమ్మరి పేరు ఎక్కడా లేదు. పనిచేసిన చేతులను మరచిపోవడం ఏ దేశ చరిత్రకైనా అలవాటే.

నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది మాత్రం బంగారం కాదు, పళ్లు. కోటకు దక్షిణంగా ఉన్న ఇసుక దిబ్బల్లో 1998 నుంచి 2007 వరకు తవ్వకాలు జరిపి, ఏడు, ఎనిమిది శతాబ్దాల శ్మశానాన్ని వెలికితీశారు. వందకు పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. బాల్యంలో తాగిన నీరు, తిన్న తిండి పంటి పింగాణీలో రసాయన ముద్ర వేస్తాయి. ఆ ముద్రలను పరిశీలిస్తే, అక్కడ నిద్రించినవారిలో చాలామంది ఆ ఊళ్లో పుట్టినవారు కాదని తేలింది. కొందరు పశ్చిమ స్కాట్లండ్ నుంచి, కొందరు స్కాండినేవియా నుంచి, మరికొందరు మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చినవారు. అయినా అందరికీ అదే ఇసుక చోటిచ్చింది. 2016లో వారి అవశేషాలను దగ్గరలోని సెయింట్ ఐడన్ చర్చి నేలమాళిగలో గౌరవంగా ఉంచారు.

అది సమసమాజమేమీ కాదు. బానిసత్వం ఉన్న కాలమది. 679 నాటి యుద్ధంలో చిక్కిన ఇమ్మా అనే యోధుడు తాను పేద రైతునని బొంకినా, ముఖం, దుస్తులు, మాటతీరు అతని హోదాను పట్టిచ్చాయనీ, చివరికి అతన్ని బానిసగా అమ్మేశారనీ బీడ్ రాశాడు. అంటే అక్కడ ప్రభువు బానిస కావచ్చు, బానిస విడుదల పొందవచ్చు. అంబేడ్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానతలో అలా మెట్టు మారే వీలు లేదు. చావు కూడా ఆ మెట్టును తొలగించదు.

మా అమ్మమ్మ పాడె నాకింకా గుర్తుంది. ఊరి శ్మశానం బాట పక్కనే ఉన్నా, జోరువానలో పొలం గట్ల మీదుగా వాగు ఒడ్డుకు మోసుకెళ్లాం. ఆమె పుట్టింది ఆ ఊళ్లోనే, చాకిరీ చేసింది ఆ ఊరి పొలాల్లోనే.

వెయ్యేళ్ల తరువాత ఎవరైనా మా ఊరిని తవ్వి ఎముకలను పరీక్షిస్తే, బావులు వేరైనా ఊట ఒకటే గనుక, పళ్లు వీరందరిదీ ఒకే ఊరని చెబుతాయి. మరి శ్మశానాలు రెండెందుకని వాళ్లు అడిగితే, ఆ పళ్లలో జవాబు దొరకదు. జవాబు చెప్పవలసింది బతికున్న మనం. ఊరికొక శ్మశానం, దానికొకే దారి. ఈ కోరికను గ్రామసభల ముందు ఉంచవలసిన తరం ఇప్పుడు తరగతి గదుల్లో కూర్చుని ఉంది.