ప్రమాణంలో మాట ఎంత, మనసు ఎంత

మా చిత్తూరు వైపు పల్లెల్లో తగాదా ఎంతకీ తెగకపోతే చివరికి ఒక మాట వస్తుంది: "కాణిపాకం పోదాం రా, ప్రమాణం చేద్దువు." గట్టు జరిపిన తగువు కావచ్చు, చేబదులు తిరిగివ్వలేదన్న గొడవ కావచ్చు, అమ్మ నగల పంపకం కావచ్చు. పెద్దమనుషులు నాలుగుసార్లు కూర్చున్నా తేలనిది ఆ ఒక్క మాటతో తేలిపోవడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. చాలాసార్లు కాణిపాకం దాకా పోనే పోరు. బస్సెక్కాల్సిన రోజు తెల్లారేసరికి ఇద్దరిలో ఒకరు దిగివస్తారు.

చిత్తూరుకు సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, బాహుదా నది ఒడ్డున ఉంది ఆ గుడి. అక్కడి వరసిద్ధి వినాయకుడు బావిలో వెలసిన స్వామి. గుడ్డి, మూగ, చెవిటి అన్నదమ్ములు ముగ్గురు ఎండిన బావిని తవ్వుతుంటే పార రాతికి తగిలి నెత్తురు చిమ్మిందని, ఆ నీళ్ళు తగిలి ముగ్గురి అవిటితనమూ పోయిందని స్థలపురాణం. ప్రమాణం చేసేవాళ్ళు కోనేట్లో మునిగి తడిబట్టలతో స్వామి ముందుకొచ్చి నిలబడతారు. అబద్ధమాడితే స్వామి వదలడని నమ్మకం. అందుకే ఆయనకు సత్యప్రమాణాల దేవుడని పేరు.

ఆ తడిబట్టల మనిషి ముందు కాసేపు ఆగుదాం. ఆయన దగ్గర మనం తెలుసుకోవాలనుకునేది ఏమిటి? గట్టు ఇప్పుడెక్కడుందో, మొదట ఎక్కడుండేదో సర్వేయరు గొలుసు పట్టి చెప్పగలడు. తెలిసే జరిపావా, చీకట్లో నాగలి పక్కకు పోయిందా అనేది మాత్రం ఆ గొలుసుకు అందదు. దానికి ఒకే ఒక సాక్షి ఉంటాడు, ఆ పని చేసినవాడు. కాణిపాకంలో పిలిచేది ఆ సాక్షినే. స్వామిని నమ్మేవాడు ఆ సాక్షిని దాచలేడు, అందుకే గుడి మెట్టెక్కకముందే ఒప్పేసుకుంటాడు.

మాట నిజమైతే చాలదా, మనసుతో పనేమిటని అడగొచ్చు. దీనికి చాలా దేశాలు తిరిగిన ఒక పాత కథ ఉంది. అప్పు ఎగ్గొట్టినవాడు ప్రమాణానికి వస్తాడు. చేతికర్రను తొలిచి అప్పు సొమ్మంతా అందులో దాచి ఉంచుతాడు. "కాస్త ఇది పట్టుకో" అని కర్రను అప్పిచ్చినవాడి చేతికే ఇచ్చి, "ఇతని సొమ్ము ఇతనికి ఇచ్చేశాను" అని ప్రమాణం చేస్తాడు. మళ్ళీ కర్ర తీసుకుని పోబోతాడు. యూదుల తాల్ముద్‌లో ఈ కథ ఉంది. 1615లో వచ్చిన 'డాన్ కిహోటే' నవల రెండో భాగంలో సాంచో పాంజా తీర్పు చెప్పేది ఇలాంటి తగువుకే. ఆ మనిషి నోట వచ్చిన ప్రతి అక్షరమూ నిజం, సొమ్ము ఆ క్షణంలో అప్పిచ్చినవాడి చేతిలోనే ఉంది. అయినా వింటున్న చిన్నపిల్లవాడు కూడా వాణ్ణి అబద్ధాలకోరు అనే అంటాడు. అబద్ధం నోట్లో పుట్టదు, ఎదుటివాణ్ణి నమ్మించి ముంచాలన్న తలంపులో పుడుతుంది.

మనకు ఇది ధర్మరాజు దగ్గరే తెలుసు. అశ్వత్థామ చచ్చాడని ద్రోణుడికి వినపడేలా చెప్పి, ఏనుగు అన్న మాట లోగొంతుకలో అన్నాడు. అంతవరకు నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ రోజు నేలను తాకింది. ఏనుగు చచ్చిన మాట నిజమే. రథం మాటను లెక్కపెట్టలేదు.

కోర్టులు కూడా ఈ దారినే నడుస్తాయి.  మన చట్టంలో దొంగ సాక్ష్యం అంటే ఊరికే తప్పు మాట చెప్పడం కాదు, తాను నిజమని నమ్మకుండా ఆ తప్పు మాట చెప్పడం. సంతకం ఫలానా వాళ్ళదేనని మనస్ఫూర్తిగా నమ్మి చెప్పినవాడు, తర్వాత అది వేరేవాళ్ళదని తేలినా నేరస్థుడు కాడు. పరాయి సొత్తు దగ్గరా అంతే. సాయంత్రం మందలో కలిసి మీ దొడ్డికి వచ్చిన పక్కింటి గొర్రె వల్ల మీరు దొంగ కారు. చెవి కోత చూసి ఎవరిదో తెలిశాక కూడా తోలివేయకుండా ఉంచుకున్నారా, నేరం అక్కడ మొదలవుతుంది. గొర్రె మారలేదు, దొడ్డి మారలేదు. మారింది మీకు తెలిసిన సంగతి, మీరు తలచిన సంగతి.

ఒకప్పుడు గుడి ప్రమాణానికి కోర్టే చోటిచ్చేది. 1873 నాటి ప్రమాణాల చట్టం కింద, "ఎదుటివాడు ఫలానా దేవుడి మీద ప్రమాణం చేసి చెబితే కట్టుబడతాను" అని ఒక పక్షం ఒప్పుకుంటే, కోర్టు ఆ ప్రమాణం చేయించవచ్చు, అవసరమైతే కోర్టు బయట కూడా. ఆ మాటే ఆ తగువుకు తిరుగులేని రుజువు. కానీ అందులో ఒక కట్టడి ఉండేది: ఆ ప్రమాణం మూడో మనిషికి తగిలేది కాకూడదు. అంటే బిడ్డ తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టడం కుదరదు. ఎంత మంచి కట్టడి! మన మనసులోని దానికి పూచీ మనమే పడాలి, ఏమీ ఎరగని పసిదాని తల కాదు. 1969 చట్టం వచ్చాక ఈ ప్రత్యేక ప్రమాణాల పద్ధతి పోయింది. ఇళ్ళల్లో పిల్లల మీద ఒట్లు మాత్రం పోలేదు.

కాణిపాకానికి తగువులవాళ్ళే కాదు, తాగుడు మానేస్తామని ఒట్టు పెట్టుకునేవాళ్ళూ వస్తారు. ఆ ఒట్టు జరిగిపోయినదాని గురించి కాదు, జరగబోయేదాని గురించి. స్వామి ముందు కళ్ళనీళ్ళతో మానేస్తానని చెప్పి, మూడు నెలలు నిలబడి, ఆ తర్వాత జారినవాణ్ణి అబద్ధమాడాడని అనగలమా? నేను అనను. చెప్పిన రోజున మనసు నిజంగానే ఉంది, తర్వాత బలం చాల్లేదు. అలాంటివాణ్ణి మళ్ళీ తీసుకుపోవాలి, వెలివేయకూడదు. భార్య పోరు పడలేక, సోమవారం నుంచి ఎలాగూ తాగుదామని తలచుకుంటూ ఒట్టు పెట్టినవాడు వేరు. వాడికి ఆ సోమవారం సారా దొరక్కపోయినా వాడు అబద్ధికుడే.

డబ్బు దగ్గర కూడా ఈ తేడా తెలియక మనవాళ్ళు పోలీస్ స్టేషన్ చుట్టూ తిరుగుతుంటారు. తీసుకున్న అప్పు తీర్చకపోవడం దానంతటదే మోసం నేరం కాదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. తీసుకునే రోజునే ఎగ్గొట్టాలన్న తలంపు ఉంటేనే మోసం. తర్వాత పంట పోయి ఇవ్వలేకపోతే అది సివిల్ బాకీ. మరి మొదటి రోజు తలంపు కోర్టుకెలా తెలుస్తుంది? చేతలను బట్టే. దొంగ పత్రం చూపించాడా, అదే పొలాన్ని అప్పటికే ఇంకొకరికి అమ్మి ఉన్నాడా, డబ్బు అందిన వారానికే ఊరు వదిలాడా అని చూస్తారు. మనసు కనపడదు, దాని అడుగుజాడలు కనపడతాయి.

ఈ వివేకం మనకు పుట్టుకతో రాదు. స్విట్జర్లాండ్ పండితుడు జాన్ పియాజే 1932లో అచ్చైన తన పుస్తకంలో పిల్లలను అడిగిన ఒక ప్రశ్న రాశాడు. ఒకడు తలుపు తోస్తే, దాని వెనక కప్పులున్న సంగతి తెలియక, 15 కప్పులు పగిలాయి. ఇంకొకడు అమ్మ లేనప్పుడు జామ్ దొంగిలించబోయి ఒక్క కప్పు పగలగొట్టాడు. ఎవరిది పెద్ద తప్పు? చిన్నపిల్లల్లో చాలామంది 15 కప్పులవాడిదే అన్నారు. కాస్త పెద్దవాళ్ళు, వాడెందుకు చేశాడని ఆలోచించారు. ఆరేళ్ళవాడు చెంబు పడేస్తే ముందు చెంబు వైపు చూసి చెయ్యెత్తే పెద్దలం, ఆ క్షణాన మనం కూడా కప్పులే లెక్కపెడుతున్నాం.

అలాగని "నా ఉద్దేశం అది కాదు" అంటే అంతా కడుక్కుపోతుందా? పోదు. దీనికి జవాబు కాణిపాకం పక్కనే పారే బాహుదా పేరులోనే ఉంది. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు, ఇద్దరూ మునులు. అన్న ఇంట లేని వేళ తమ్ముడు ఆయన తోటలో పళ్ళు కోసుకుని నిశ్చింతగా తింటున్నాడు. మా వైపు కథలో అవి మామిడిపళ్ళు. అన్న వచ్చి ఎక్కడివని అడిగితే నవ్వుతూ ఇక్కడివే అన్నాడు. దాచలేదు, దొంగిలిస్తున్నానని అనుకోనూ లేదు. అడగకుండా తీసుకున్నావు కనుక రాజు దగ్గరకు పోయి శిక్ష అడుగు అన్నాడు అన్న. సుద్యుమ్న మహారాజు, శిక్షించే అధికారం ఉన్నవాడికి క్షమించే అధికారమూ ఉంటుంది కదా అని వదిలేయబోయాడు. లిఖితుడు ఒప్పుకోలేదు. చేతులు నరికించుకుని వచ్చాడు. "నీ మీద నాకు కోపం లేదు, పోయి బాహుదాలో మునుగు" అన్నాడు శంఖుడు. మునిగితే చేతులు తిరిగొచ్చాయి. బాహువులిచ్చింది కనుక బాహుదా.

ఈ కథను భారతం శాంతిపర్వంలో వ్యాసుడు చెప్పింది, యుద్ధం ముగిసి కుమిలిపోతున్న ధర్మరాజుకే. చెయ్యి నరకడం ఎక్కువ శిక్ష అనే నాకూ అనిపిస్తుంది. కానీ అన్న తమ్ముణ్ణి చెడ్డవాడనలేదు, పళ్ళు పోలేదనీ అనలేదు. ఆ రెండూ ఒకేసారి పట్టుకోవడమే కష్టం. లారీ డ్రైవరు చంపాలనుకోకపోవచ్చు, నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత కింద ఐదేళ్ళ దాకా జైలు ఉంటుంది. హత్య అనరు, ఊరికే వదిలేయరు.

గట్టు తగువుకూ అదే తీర్పు. చీకట్లో నాగలి పక్కకు పోయినవాణ్ణి దొంగ అనకండి, కాణిపాకం దాకా ఈడ్చకండి. వచ్చే దుక్కిలోపు గట్టును మాత్రం పాత చోటికి వేయించండి.