గొంతులో ఉండ భ్రమ కాదు!

గొంతులో ఏదో ఉండ అడ్డుపడినట్టుంటుంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. పరీక్షలు చేయిస్తే ఏమీ లేదంటారు. ఇంట్లో ఎవరైనా ఇలా చెబితే ‘అంతా నీ భ్రమ’ అని కొట్టిపారేస్తున్నారా? ఒకప్పుడు వైద్యులూ దాదాపు అదే మాట అన్నారు.

ఈ లక్షణానికి చాలాకాలం ఉన్న పేరు ‘గ్లోబస్ హిస్టీరికస్’. లాటిన్‌లో గ్లోబస్ అంటే ఉండ. హిస్టీరియాకు మూలం ‘హిస్టెరా’ అనే గ్రీకు మాట. అంటే గర్భసంచి. అది చోటు వదిలి పైకి పాకి ఊపిరాడనివ్వదని ప్రాచీన గ్రీకుల్లో కొందరు నమ్మేవారు. తలలో ఒకేచోట మేకు దిగగొట్టినట్టు నొప్పి వస్తే ‘క్లేవస్ హిస్టీరికస్’ అన్నారు. క్లేవస్ అంటే మేకు. గొంతు పెగలకపోతే ‘హిస్టీరికల్ అఫోనియా’. ఇలా బాధ ఏదైనా నింద ఆడవారి మీదే పడింది.

నిజానికి 18వ శతాబ్దం మొదట్లోనే ఇంగ్లండ్ వైద్యుడు జాన్ పర్సెల్, మెడ కండరాలు బిగుసుకుని గొంతును నొక్కడం వల్లే ఇలా అనిపిస్తుందని రాశారు. 1968లో మాల్కమ్‌సన్ అనే వైద్యుడు, ఈ బాధ ఉన్నవారిలో ఎక్కువమందికి హిస్టీరియాతో సంబంధం లేదని చెప్పి పేరు మార్చారు. ఇప్పుడు దీన్ని ‘గ్లోబస్ ఫారింజియస్’ అంటున్నాం. అంటే గొంతులో ఉండ. అంతే!

ఇది మగవారికీ వస్తుంది. కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నడం, గొంతు కండరాల బిగువు, మానసిక ఒత్తిడి ఇందుకు దోహదం చేస్తాయి. సాధారణంగా ఉమ్మి మింగినప్పుడు ఎక్కువగా తెలుస్తుంది. అన్నం తింటుంటే తగ్గుతుంది. మాటిమాటికీ సకిలించకండి, గొంతు ఇంకా రేగుతుంది. దానికి బదులు గుక్కెడు నీళ్లు తాగండి. రాత్రి భోజనానికీ పడకకూ మూడు గంటల వ్యవధి ఉంచండి. ఒత్తిడి ఉంటే కౌన్సెలింగ్ మేలు చేస్తుంది.

అయితే ముద్ద దిగకపోయినా, మింగితే నొప్పి పుట్టినా, బరువు తగ్గుతున్నా, మెడలో గడ్డ తగిలినా, ఉమ్మిలో రక్తం కనిపించినా, మూడు వారాలు దాటి గొంతు బొంగురుగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. పొగ, గుట్కా, మద్యం అలవాటున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇంకో సంగతి. ఉన్నట్టుండి మాట తడబడినా, కాలో చెయ్యో పట్టు తప్పినా ‘నాటకాలు’ అనుకోకండి. అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.