మహమ్మారి వేళ వైద్య విద్యార్థి

వైద్యములో చదివి నేర్చుకొనేది కొంత, చేతితో నేర్చుకొనేది కొంత. ప్లీహము ఎక్కడ ఉంటుందో, ఏయే జ్వరాలలో పెరుగుతుందో గ్రంథాలలో ఉన్నది. పెరిగిన ప్లీహాన్ని మన పల్లెలలో ‘బల్ల’ అంటారు. మలేరియా రోగి నిండుగా ఊపిరి పీల్చినప్పుడు ఆ బల్ల అంచు ఎడమ డొక్క క్రిందినుండి జారివచ్చి వ్రేలికొనకు తగులుతుంది. ఆ తాకిడిని ఒకసారి ఎరిగినవాడు మరి మరచిపోడు. ఎరుగనివాడు పుస్తకాన్ని ఎన్నిసార్లు తిరగవేసినా తెలుసుకోలేడు. గుండె కవాటము సరిగా మూసుకొననప్పటి చప్పుడూ, కాన్పులో బిడ్డ తల తిరిగే తీరూ ఇటువంటివే. అందుచేతనే వైద్య విద్యార్థిని ఏండ్ల తరబడి రోగుల మంచాల చుట్టూ త్రిప్పుతారు.

ఇంతలో ఊరిమీద మహమ్మారి విరుచుకొని పడినదనుకొందాము. అప్పుడు ఆ విద్యార్థిని ఏమి చేయాలి? అతడు సగం వైద్యుడు, కనుక పనికి వస్తాడు. సగం విద్యార్థి, కనుక కాపాడవలసినవాడు. పైగా జబ్బును ఒక మంచమునుండి మరొక మంచానికి మోయగలవాడు కూడాను. ఈ మూడింటిలో దేనికి ఎక్కువ తూకము వేయాలన్నది కాలాన్నిబట్టి మారుతూ వచ్చినది.

1918లో ఇన్‌ఫ్లుయెంజా అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరాన్ని ముంచివేసినప్పుడు, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములోని పై తరగతుల వైద్య విద్యార్థులు పాఠాలు మాని రోగులకు పరిచర్య చేసినారు. వారిలో ఒకరైన ఐజాక్ స్టార్, పేరుపొందిన వైద్యశాస్త్రజ్ఞుడై, 1976లో ఆనాటి సంగతులను వ్రాసినాడు. ఆ రోజులలో ఆ జబ్బుకు మందు లేదు. రోగి ముఖము నీలి రంగుకు తిరుగుతూంటే చూస్తూ కూర్చోవడము తప్ప విద్యార్థులు చేయగలిగినది స్వల్పము.

ముప్పది నాలుగేండ్ల తరువాత డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో జరిగిన కథ వేరు. అది ప్రపంచమంతటా వ్యాపించిన వ్యాధి కాదు, ఒక నగరాన్ని పట్టిన పోలియో. అయినా మన విషయానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు కనబడదు. 1952 వేసవిలో అక్కడి బ్లెగ్‌డామ్ ఆసుపత్రికి ఉధృతపు దినాలలో రోజుకు ఏబదిమంది చొప్పున రోగులు వచ్చినారు. పోలియో క్రిమి వెన్నుపాములోని నాడీకణాలను చంపుతుంది. ఊపిరి తీయించే కండరాలకు ఆజ్ఞలు అందక అవి పడిపోతాయి. మ్రింగే శక్తి కూడా పోతే నోటిలో ఊరిన లాలాజలము ఊపిరితిత్తులలోకి దిగుతుంది. అంత పెద్ద ఆసుపత్రిలో ఇటువంటివారికి ఉన్నవి ఒక పెద్ద శ్వాసయంత్రము, ఆరు చిన్నవి. మొదటి మూడు వారాలలో ఊపిరి అందని 31 మందికి వాటితో చికిత్స చేయగా 27 మంది మూడు దినాలలోపున చనిపోయినారు.

ఆ రోగుల రక్తములో బైకార్బొనేటు మిక్కుటముగా ఉన్నది. రక్తము క్షారగుణానికి తిరుగుతున్నదని వైద్యులు అనుకొన్నారు. బ్యోర్న్ ఇబ్‌సెన్ అనే మత్తుమందు వైద్యుడు కాదన్నాడు. రోగి విడువలేకపోతున్న బొగ్గుపులుసు వాయువే రక్తములో నిలిచిపోతున్నదనీ, దానిని బయటికి తోలితే రోగి బ్రతుకుతాడనీ అతని వాదము. ఆగస్టు 27వ తేదీన పండ్రెండేండ్ల బాలికకు మెడ దగ్గర శ్వాసనాళములో రంధ్రము చేసి, గొట్టము దింపి, రబ్బరు సంచిని చేతితో నొక్కుతూ ఆమెకు ఊపిరి పోసి చూపినాడు. బాలిక తేరుకొన్నది.

చికిత్స తెలిసినది, ఇక కావలసినవి చేతులు. ఒక్కొక్క సమయములో డెబ్బదిమంది రోగులకు రాత్రింబవళ్ళు సంచి నొక్కవలసి వచ్చినది. అప్పుడు వైద్య విద్యార్థులను పిలిచినారు, దంతవైద్య విద్యార్థులు కూడా వచ్చినారు. మొత్తము మీద సుమారు 1,500 మంది వంతులు వేసుకొని మంచాల ప్రక్కన కూర్చున్నారు. చేయి ఆగితే ఊపిరి ఆగుతుంది. రోగికి చెమటలు పట్టినా, రక్తపుపోటు పెరిగినా బొగ్గుపులుసు వాయువు కూడుతున్నదని గుర్తించి ఇంకొంచెము గట్టిగా నొక్కాలి. శ్వాసక్రియను గురించి ఏ ఉపన్యాసములోను దొరకని పాఠము వారికి అక్కడ దొరికినది. మరణాలు సగానికి పైగా తగ్గినవి. నేడు ప్రతి పెద్ద ఆసుపత్రిలోను ఉన్న తీవ్ర చికిత్స విభాగాల పుట్టుకను ఈ సంఘటనతో ముడిపెట్టి చెబుతారు.

ఇక 2020. కోవిడ్ రాగానే లోకములో చాలాచోట్ల విద్యార్థులను వార్డులనుండి బయటికి పంపివేసినారు. కారణము లేకపోలేదు. లక్షణాలు పైకి కనబడనివారు కూడా ఈ వ్యాధిని అంటించగలరు. ముఖానికి తొడుగులు, ఒంటికి రక్షణ దుస్తులు ఉన్న వైద్యులకే చాలలేదు. ఇటలీ మాత్రము ఆ మార్చిలోనే, పట్టము పొందినవారికి వృత్తిలో ప్రవేశించడానికి పెట్టే పరీక్షను తీసివేసి కొత్త వైద్యులను త్వరగా పనిలోకి రానిచ్చినది.

మన దేశములో ఆ మార్చిలో కళాశాలలు మూతపడినవి. 2019లో చేరినవారు కొత్త పాఠ్యప్రణాళికలో మొదటి జట్టు. తొలి సంవత్సరమునుండే విద్యార్థిని రోగివద్దకు చేర్చాలన్నది ఆ ప్రణాళికలోని ముఖ్యాంశము. ఆ ఏడు ముగియకముందే వారు ఇంట సెల్‌ఫోను ముందు కూర్చొని శరీరనిర్మాణ శాస్త్రము వినవలసి వచ్చినది. విధి వేళాకోళము అంటే ఇదే కాబోలు!

వార్డులలో ఉండిపోయినవారికి మరొక చిక్కు. సికిందరాబాదు గాంధీ ఆసుపత్రిని కొన్ని నెలలు పూర్తిగా కోవిడ్ రోగులకే కేటాయించినారు. అవసరమైన పనే. కాని శస్త్రచికిత్స నేర్చుకొనడానికి చేరిన యువవైద్యునికి హెర్నియాలు, పిత్తాశయపు రాళ్ళు ఉన్న రోగులు కనబడకపోతే కత్తి పట్టడము ఎట్లా అలవడుతుంది? పని తక్కువై కాదు, ఒకేరకము పని మితిమీరి అతని చదువు కుంటుపడినది. రెండవ ఉప్పెనలో, 2021 మే 3వ తేదీన కేంద్ర ప్రభుత్వము పై చదువుల ప్రవేశపరీక్షను కనీసము నాలుగు నెలలు వాయిదా వేసి, హౌస్‌సర్జన్లను అధ్యాపకుల పర్యవేక్షణలో కోవిడ్ పనికి నియమించవచ్చునన్నది. చివరి సంవత్సరపు విద్యార్థులు ఫోనుద్వారా సలహాలు చెప్పడానికి, జబ్బు స్వల్పముగా ఉన్నవారిని కనిపెట్టి ఉండడానికి అనుమతి పొందినారు. ‘పర్యవేక్షణలో’ అన్న మాట నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది. కోపెన్‌హాగెన్ విద్యార్థి వెనుక ఏమి చేయాలో తెలిసిన వైద్యుడు ఉన్నాడు. అటువంటివాడు వెనుక లేనిచోట విద్యార్థికి మిగిలేది భయము మాత్రమే.

అందరికంటె ఎక్కువ నష్టపోయినది చైనాలో చదువుతూ ఉండిన మన పిల్లలు. వీరిలో తెలుగువారు తక్కువమంది కాదు. 2020 ఆరంభములో ఇండ్లకు వచ్చినవారికి రెండేండ్లకు పైగా తిరిగి వెళ్ళే దారి లేకపోయినది. వార్డులలో గడపవలసిన కాలము కొందరికి తెరమీదనే గడిచిపోయినది. అట్లా చదువు ముగించినవారి విషయములో జాతీయ వైద్య కమిషను 2022 జులైలో ఒక నిర్ణయము చేసినది. ఆ సంవత్సరము జూన్ 30వ తేదీలోపున పట్టము పొందిన చివరి సంవత్సరపు విద్యార్థులను అర్హత పరీక్షకు కూర్చోనిస్తారు. ఉత్తీర్ణులైనవారు మామూలుగా చేసే ఒక ఏడాదికి బదులు రెండేండ్లు ఆసుపత్రిలో హౌస్‌సర్జన్లుగా పనిచేయాలి. అప్పులు చేసి చదివించిన తల్లిదండ్రులకు మరొక ఏడాది భారము అన్నది నిజమే. కాని ఆ యువకుని చేతికి ఇంకా బల్ల అంచు తగలలేదు. రెండేండ్లూ అతడు వార్డులో వెతుక్కోవలసినది అదే.