వెలుగుకు రూపం మారిస్తే లోతంతా కనిపిస్తుందా?

కంటి ఆసుపత్రిలో గడ్డం ఆనించి కూర్చోబెట్టి తీసే ఓసీటీ స్కాన్ చాలామందికి పరిచయమే. కణజాలంలోకి కాంతి పుంజాన్ని పంపి, తిరిగొచ్చే వెలుగును బట్టి లోపలి పొరలను చూపే పద్ధతి అది. 1991లో ఎంఐటీ పరిశోధకుల బృందం దీన్ని లోకానికి చూపింది. ఆ పుంజం ఆకారాన్నే మార్చి మరింత లోతు వరకు స్పష్టత నిలపవచ్చన్న మాట నిజమే. దాని చుట్టూ అల్లుకున్న అపోహలు మాత్రం సరిచేసుకోదగ్గవి.

అపోహ: మేలైన లెన్సు ఉంటే సన్నని చుక్క, ఎక్కువ ఫోకస్ లోతు రెండూ దక్కుతాయి.

వాస్తవం: దక్కవు. మామూలు లేజర్ పుంజాన్ని ఎంత సన్నగా కుదిస్తే అంత త్వరగా మళ్లీ విచ్చుకుంటుంది. చుక్క వెడల్పు సగమైతే ఫోకస్ లోతు నాలుగో వంతుకు పడిపోతుంది. తరంగదైర్ఘ్యం 1.3 మైక్రాన్లు, చుక్క వ్యాసార్ధం 10 మైక్రాన్లు అనుకుంటే గాలిలో ఫోకస్ దాదాపు అర మిల్లీమీటరు నిలుస్తుంది. కణాలు విడివిడిగా కనబడాలని చుక్క వ్యాసార్ధాన్ని 2 మైక్రాన్లకు తెస్తే మిగిలేది సుమారు 20 మైక్రాన్లే. ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా ఈ లెక్క మారదు.

అపోహ: ఆకారం మార్చిన పుంజాల్లో ఒకటైన బెస్సెల్ పుంజం ఎంత దూరం వెళ్లినా వెడల్పవదు, నష్టమేమీ ఉండదు.

వాస్తవం: 1987లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో డర్నిన్, మిసెలీ, ఎబర్లీ ఈ పుంజాన్ని ప్రయోగంలో చూపారు. ఎన్నటికీ విచ్చుకోని పుంజం కావాలంటే అనంతమైన శక్తి కావాలి. కాబట్టి ప్రయోగశాలలో పుట్టేది కొంత దూరమే సన్నగా ఉంటుంది. దాన్ని పుట్టించడానికి శంకువులా చెక్కిన గాజు, అంటే ఆక్సికాన్, చాలు. మధ్యలో సన్నని వెలుగు, దాని చుట్టూ వలయాలు ఏర్పడతాయి. అసలు ఖరీదు ఆ వలయాల్లోనే ఉంది. ఒక్కో వలయం దాదాపు మధ్య చుక్కకు దక్కినంత శక్తిని తీసుకుంటుంది. ఇరవై వలయాలుంటే నడిమికి దక్కేది ఇంచుమించు ఇరవయ్యొకటో వంతు. మధ్య చుక్క సన్నదనం చెడకుండా లోతు పెంచాలంటే వలయాలూ పెరగాల్సిందే. అవి పక్కనున్న కణాలనూ వెలిగించి చిత్రాన్ని మసకబారుస్తాయి. ఫ్లోరోసెన్స్ సూక్ష్మదర్శినిలో దీనికి చక్కని విరుగుడుంది: రెండు ఫోటాన్ల పద్ధతి. అందులో సంకేతం కాంతి తీవ్రత వర్గాన్ని బట్టి పుడుతుంది గనుక, బలహీనమైన వలయాల ప్రభావం బాగా తగ్గిపోతుంది.

అపోహ: ఫోకస్ లోతు పెరిగితే వెలుగు ఒంట్లోకి ఇంకా లోతుగా దిగుతుంది.

వాస్తవం: ఇవి రెండూ వేరు. వెలుగు ఎంతవరకు దిగుతుందన్నది కణజాలం దాన్ని ఎంతగా చెదరగొడుతుందో, ఎంతగా పీల్చుకుంటుందో అన్నదాన్ని బట్టి ఉంటుంది. చర్మంలో ఓసీటీ చూడగలిగేది ఒకటి రెండు మిల్లీమీటర్లే. బెస్సెల్ పుంజం చిన్న అడ్డంకిని దాటాక పక్క నుంచి వచ్చే వెలుగుతో నడిమిని మళ్లీ నింపుకొంటుంది, నిజమే. కణజాలంలో అడుగడుగునా అడ్డంకులే కాబట్టి ఆ గుణానికీ హద్దుంది.

అపోహ: ఇక ప్రతి ఓసీటీ యంత్రానికీ ఇలా ఆకారం మార్చిన పుంజం కావాలి.

వాస్తవం: రెటీనా మందం చాలా చోట్ల అర మిల్లీమీటరు కూడా ఉండదు. మామూలు స్కాన్‌లో చుక్క కాస్త వెడల్పుగానే ఉంటుంది కనుక ఫోకస్ సరిపోతుంది. కణాల స్థాయి వివరం కావాల్సిన చోటే దీని అవసరం. 2011లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి పరిశోధకులు ఫోకస్ లోతు పెంచేందుకు పుంజం నడిమిని మూసి, అంచు వెలుగునే వాడారు. ఆ పద్ధతితో, మరణించినవారి గుండె ధమనుల గోడల్లో ఒక్కో కణాన్నీ విడిగా చూపించారు.