ప్రోస్టేటు గ్రంథి పెరుగుదల: ఏ శస్త్రచికిత్స ఎవరికి?

వసంత్ కుంజ్‌లో నివసించే మా సహోద్యోగులలో పదవీ విరమణకు చేరువైనవారు పలువురు. చలికాలంలో రాత్రివేళ నాలుగుసార్లు లేవవలసి వచ్చినా, వయసు మహిమ అని సరిపెట్టుకొంటున్నారు. వైద్యునితో చెప్పడానికి బిడియం. మేము వైద్యులము కాము, ఇంజనీర్లము. అయినా ఈ సమస్య మాకు సుబోధకమే. గొట్టం నొక్కుకుపోతే పంపు అధిక పీడనంతో పనిచేసి, చివరకు చెడిపోతుంది. ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రనాళాన్ని నొక్కినప్పుడు మూత్రాశయ కండరానికి జరిగేదీ అదే. ఆలస్యమైతే దారి తెరిచినా పంపు కోలుకోకపోవచ్చు.

ఇది క్యాన్సరు కాదు. చాలామందికి మందులే చాలును. మూత్రం నిలిచిపోవడం, తరచు ఇన్‌ఫెక్షన్, రక్తం పడడం, మూత్రాశయంలో రాళ్ళు, మూత్రపిండాలు దెబ్బతినడం వంటివి కనిపిస్తే శస్త్రచికిత్స యోచించాలి.

గ్రంథి సుమారు 30 నుండి 80 మిల్లీలీటర్ల పరిమాణంలో ఉంటే టీయూఆర్‌పీ చిరకాల ప్రమాణం. మూత్రనాళం గుండా పరికరం పంపి, విద్యుత్ తీగతో కణజాలాన్ని కోసి తీస్తారు. పాత మోనోపోలార్ పద్ధతిలో విద్యుద్వాహకం కాని గ్లైసిన్ ద్రవం వాడతారు. అది రక్తంలో అధికంగా చేరితే సోడియం ప్రమాదకరంగా పడిపోతుంది. బైపోలార్ పద్ధతిలో సెలైన్ వాడతారు కనుక ఆ భయం దాదాపు లేదు.

గ్రంథి అంతకంటె పెద్దదైతే, పూర్వం పొట్ట కోసి తీసేవారు. మిల్లిన్ పద్ధతి 1945 నాటిది. రక్తస్రావం, ఆసుపత్రి బస రెండూ ఎక్కువ. 1990లలో న్యూజీలాండ్‌లో రూపుదిద్దుకొన్న హోలెప్ ఆ అవసరాన్ని చాలావరకు తగ్గించింది. హోల్మియం లేజరుతో, తొక్క నుండి నారింజ గుజ్జును విడదీసినట్లు గ్రంథిని విడదీస్తారు. పరిమాణంతో నిమిత్తం లేదు, రక్తస్రావమూ స్వల్పం. అయితే ఇది నేర్వడానికి దీర్ఘాభ్యాసం కావాలి. కొందరికి కొంతకాలం మూత్రం అదుపు తప్పవచ్చు.

రక్తం పలుచబరిచే మందులు మానలేనివారికి 532 నానోమీటర్ల గ్రీన్‌లైట్ లేజరు అనుకూలం. కణజాలం ఆవిరైపోతుంది గనుక, పరీక్షకు పంపడానికి ఏమీ మిగలదు.

ఈ పద్ధతులన్నింటిలోను వీర్యం వెనుకకు మూత్రాశయంలోకి పోవడం సాధారణం. దీనిని ముందే అడిగి తెలుసుకోవాలి. అది వద్దనుకొనేవారికి యూరోలిఫ్ట్, నీటి ఆవిరి చికిత్సలు ఉన్నాయి. ఫలితం కొంత తక్కువ, మళ్ళీ చికిత్స అవసరం కావచ్చు.

కనుక ఏది కొత్తదని కాక, నా గ్రంథి పరిమాణమెంత, మీరు ఇటువంటివి ఎన్ని చేశారు అని వైద్యుని అడగడం మేలు. చికిత్స తరువాత లిఫ్టు లేని ఫ్లాట్లకు బరువులు మోయడం కొన్ని వారాలు మానాలి. ఈ సమస్య ఉన్నవారు చలికాలపు జలుబు మాత్రలు అడగకుండా వేసుకోరాదు. వాటిలో ముక్కుదిబ్బడ తగ్గించే మందు మూత్రాన్ని హఠాత్తుగా నిలిపివేయగలదు.