తప్పులు పట్టినవాడి మీదే తప్పుడు మాటలు

అపోహలు, వాస్తవాల శీర్షికలకు మూలపురుషుడెవరని అడిగితే నేను పియేర్ బేల్ (1647–1706) పేరు చెబుతాను. అచ్చు పుస్తకాల్లో తప్పులు ఏరడమే పనిగా పెట్టుకున్న ఆ ఫ్రెంచి తాత్వికుడి మీద కూడా తప్పుడు మాటలు చాలానే తిరుగుతున్నాయి.

అపోహ: ఆయన రాసింది నిఘంటువు.

పేరుకు నిఘంటువే. 1697 నాటి ‘చారిత్రక, విమర్శనాత్మక నిఘంటువు’లో మాటలకు అర్థాలు వెతికితే దొరకవు. మనుషుల మీద, మతశాఖల మీద అకారాది క్రమంలో రాసిన వ్యాసాలవి. లూయీ మొరేరి నిఘంటువులోని పొరపాట్లు దిద్దాలని మొదలుపెట్టిన పని అంత పెరిగింది. చాలా పేజీల్లో పైన నాలుగు పంక్తుల వ్యాసం, కింద చిన్న అక్షరాల్లో దాన్ని ముంచెత్తే వ్యాఖ్యలు. అసలు సరుకంతా అక్కడే! ఒకరి తప్పును చూసి మరొకరు ఎలా ఎక్కించుకున్నారో తవ్వి చూపిస్తాడు.

అపోహ: బేల్ నాస్తికుడు.

ఈ ముద్రకు కారణం ఒక తోకచుక్క. 1680 చివర్లో అది కనబడి ఐరోపా బెంబేలెత్తితే, అరిష్టమేమీ లేదని బేల్ రాశాడు. ఆ వాదనలోనే, దేవుణ్ణి నమ్మనివాళ్ల సమాజం కూడా నీతిగా బతకగలదన్నాడు. అలా అన్నవాడు నాస్తికుడే అయ్యుంటాడని ఎందరో తేల్చేశారు. ఆయన ప్రొటెస్టెంటు పాస్టరు కొడుకు. ఇరవయ్యొకటో ఏట కాథలిక్కుగా మారి, ఏడాదిన్నరకే వెనక్కి వచ్చాడు. అప్పటి ఫ్రాన్సులో అది నేరం కాబట్టి జెనీవాకు పారిపోయాడు. చివరిదాకా ప్రొటెస్టెంటు చర్చిని వీడలేదు. ఆయన మనసులో ఏముందన్నది పండితుల మధ్య నేటికీ తెగని వాదం. రుజువైన విషయం మాత్రం కాదు.

అపోహ: ఆయన్ని వేధించింది కాథలిక్కులే.

సగం నిజం. తమ్ముడు చేతికి చిక్కలేదని ఫ్రాన్సు అధికారులు అన్న జాకబ్‌ను పట్టుకున్నారు. 1685లో ఆయన బోర్డో జైల్లోనే చనిపోయాడు. కానీ 1693లో బేల్ ఉద్యోగం ఊడింది ప్రొటెస్టెంట్ల రోటర్‌డాంలో. నిఘంటువులోని ‘దావీదు’ వ్యాసాన్ని మార్చమని పట్టుబట్టింది సొంత చర్చి పెద్దలే.

అపోహ: ఫ్రాన్సులో మతసహనం మాట మొదట ఎత్తింది వోల్టేర్.

బలవంతం పెదవులను కదిలిస్తుందే తప్ప నమ్మకాన్ని పుట్టించదనీ, పొరబడిన అంతరాత్మకూ హక్కుందనీ బేల్ 1686లోనే వాదించాడు. వోల్టేర్ పుట్టింది 1694లో.

లోకంలో చెడు ఎందుకుందన్న బేల్ ప్రశ్నకు జవాబుగా లైబ్నిజ్ 1710లో ‘థియోడిసీ’ అని ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. చదివి తప్పులు పట్టడానికి బేల్ లేడు. అప్పటికి నాలుగేళ్ల కిందటే రోటర్‌డాంలో కన్నుమూశాడు.